ఇంటి పక్కన క్వారీ, క్రషర్ నడుస్తుంటే ఎక్కడ మొదలుపెట్టాలి

ఊరి పక్క గుట్టలో క్వారీ పడగానే జనం చేసే మొదటి పని కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వడం. “దుమ్ముకు ఊపిరాడట్లేదు, బ్లాస్టింగ్‌లకు గోడలు పగిలిపోతున్నాయి, వెంటనే మూయించగలరు” అని రాసి, ఊరంతా సంతకాలు పెట్టి ఇస్తారు. ఆ అర్జీ కింది ఆఫీసుకు దిగుతుంది. కొన్నాళ్లకు ఓ అధికారి వస్తాడు. ఆయన వచ్చే సంగతి మీకంటే ముందు క్రషర్ వాళ్లకే తెలుస్తుంది కాబట్టి ఆ రోజు మిషన్ ఆగి ఉంటుంది, దారంతా నీళ్లతో తడిసి ఉంటుంది. “నిబంధనల మేరకే నడుస్తోంది” అని రిపోర్టు పోతుంది. మీ అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వస్తుంది.

ఏ నిబంధనల మేరకు? అడగాల్సింది అదే. ప్రతి క్వారీకి, క్రషర్‌కి ఇచ్చే అనుమతి పత్రంలో షరతులు ఉంటాయి, ఒక్కోసారి పేజీలకు పేజీలు. “మీరిచ్చిన అనుమతిలో ఫలానా నంబరు షరతు ఫలానా తేదీల్లో అమలు కాలేదు” అని రాసిన అర్జీని పక్కన పడేయడం అంత తేలిక కాదు. అలాంటి అర్జీ ఎలా తయారు చేసుకోవాలో కింద రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలోని రాయి, కంకర, గ్రానైట్ క్వారీలను దృష్టిలో పెట్టుకున్నాను. సున్నపురాయి, బొగ్గు గనుల దగ్గరా చాలావరకు దారి ఇదే.

1. ముందు కాగితాలు

లీజు ఉత్తర్వు గనుల శాఖ దగ్గర ఉంటుంది, హద్దుల స్కెచ్‌తో సహా. పర్యావరణ అనుమతిని అందరూ ఈసీ అంటారు. రాయి, కంకర, గ్రానైట్ లాంటి వాటిని చిన్న ఖనిజాలంటారు, వాటికి ఈసీని మామూలుగా రాష్ట్ర స్థాయి అథారిటీ ఇస్తుంది. ఇక కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చేవి సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ. మొదటిది యూనిట్ పెట్టుకోవడానికి, రెండోది నడుపుకోవడానికి. క్రషర్ ఒక్కటే విడిగా ఉంటే దానికి ఈసీ ఉండకపోవచ్చు కానీ సీఎఫ్‌ఓ ఉండి తీరాలి. దాని గడువు తేదీ కూడా చూడండి. గడువు దాటినా మిషన్ తిరుగుతుంటే మీ పని సగం తేలికైనట్టే.

ఈసీ కాపీ పంచాయతీకి ఇవ్వాలన్నది మామూలుగా ఉండే షరతే కాబట్టి ముందు పంచాయతీ కార్యదర్శిని అడగండి. కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేశ్ పోర్టల్‌లో జిల్లా పేరుతో, సంస్థ పేరుతో వెతకండి. అక్కడా దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు. ఫీజు గ్రామ స్థాయి ఆఫీసులో లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. తెల్ల రేషన్ కార్డు జిరాక్స్ జతచేస్తే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే శాఖలో మొదటి అప్పీలు.

దరఖాస్తులో “ఎందుకు చర్య తీసుకోలేదు” అని అడగొద్దు. ఆర్టీఐ కింద వచ్చేది రికార్డు, సంజాయిషీ కాదు. ఇలా అడగండి: “ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానాలోని క్వారీకి సంబంధించి లీజు ఉత్తర్వు, హద్దుల కోఆర్డినేట్లు, ఆమోదించిన మైనింగ్ ప్లాన్, గత రెండేళ్లలో నెలవారీగా ఇచ్చిన ట్రాన్సిట్ పర్మిట్ల సంఖ్య, ఇప్పటివరకు జరిగిన తనిఖీల రిపోర్టులు ఇప్పించగలరు. ఫైలును స్వయంగా చూసేందుకు కూడా అనుమతించగలరు.” చివరి వాక్యం వదిలేయకండి. ఫైలు చూసే హక్కు ఆ చట్టంలోనే ఉంది. ఫైలు తిరగేస్తే మీరు అడగాలని కూడా తట్టని కాగితాలు కనిపిస్తాయి.

కాగితాలు చేతికొచ్చాక మొదట దూరాలు చూడండి. ఈసీ దరఖాస్తులో “సమీప నివాస ప్రాంతం ఇంత దూరం” అని రాస్తారు. అక్కడ 800 మీటర్లు అని ఉండి, ఫోన్‌లో మ్యాపు తెరిచి కొలిస్తే మీ గుమ్మం 250 మీటర్లలో ఉందనుకోండి, దాన్ని మించిన పాయింటు మీకు దొరకదు. తప్పుడు సమాచారం ఇచ్చి తెచ్చుకున్న ఈసీని రద్దు చేయొచ్చని 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లోనే ఉంది. ఎంత దూరం ఉండాలన్న దానిపై రాష్ట్రాల రూల్స్ వేర్వేరు. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చెప్పిన కనీస దూరం బ్లాస్టింగ్ లేకపోతే 100 మీటర్లు, ఉంటే 200.

తర్వాత విస్తీర్ణం. 5 హెక్టార్ల లోపు లీజులకు సాధారణంగా పబ్లిక్ హియరింగ్, అంటే ఈసీకి ముందు ఊరివాళ్ల అభిప్రాయాలు వినే సభ, ఉండదు. అందుకే ఒకే గుట్టను 4.9 హెక్టార్ల ముక్కలుగా కోసి, ఇంట్లో తలొక పేరు మీద తీసుకునే తెలివి పుట్టింది. అయితే పక్కపక్క లీజుల అంచుల మధ్య దూరం 500 మీటర్ల లోపుంటే వాటిని ఒకే క్లస్టర్‌గా లెక్కించాలి. మొత్తం 5 హెక్టార్లు దాటితే హియరింగ్ పెట్టాలి. చుట్టుపక్కల లీజులన్నీ ఒక మ్యాపు మీద గుర్తు పెట్టుకుంటే ఈ సంగతి బయటపడుతుంది.

2. మీ కంటికి కనిపించే షరతులు ఏరుకోండి

ఈసీలో ఉన్నవన్నీ మీకు అక్కర్లేదు. రోడ్డు మీద నిలబడి చూడగలిగేవి ఒక పేజీలో రాసుకోండి. దారి తడుపుతున్నారా? టిప్పర్‌కు టార్పాలిన్ కట్టారా? క్రషర్‌కు గాలి అడ్డుగోడ, కన్వేయర్‌కు మూత, నీళ్లు చిమ్మే ఏర్పాటు ఉన్నాయా? హద్దు వెంట చెట్లు పెట్టారా? బ్లాస్టింగ్ చెప్పిన వేళకే జరుగుతోందా, ముందు సైరన్ వేస్తున్నారా? లీజు అంచు చుట్టూ 7.5 మీటర్లు తవ్వకుండా వదలమని కూడా చాలా అనుమతుల్లో ఉంటుంది.

షరతుల అమలు మీద ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న రిపోర్టు ఇవ్వాల్సిన బాధ్యత ఈసీ ఉన్నవాళ్లది. అవి కూడా అడిగి తీసుకోండి. “రోజుకు మూడుసార్లు నీళ్లు చల్లుతున్నాం” అని వాళ్లే సంతకం పెట్టి ఇచ్చిన కాగితం పక్కన మీ నోటుబుక్ పెడితే చదివేవాళ్లకు వేరే వాదన అక్కర్లేదు.

3. నోటుబుక్, ఫోను

పేజీలు ఊడని బౌండు నోటుబుక్ కొనండి. తేదీ, టైము, ఏం జరిగింది, ఎక్కడి నుంచి చూశారు, ఎవరు చూశారు. ఊహలు, తిట్లు రాయొద్దు. ఇలా ఉంటే చాలు:

“మంగళవారం, మధ్యాహ్నం 1:40. పెద్ద బ్లాస్ట్. సైరన్ వినపడలేదు. వంటగది కిటికీ అద్దం కదిలింది. పిడికెడంత రాయి మా పెరట్లో పడింది, ఫోటో తీశాను. గాలి క్వారీ నుంచి ఊరి వైపు.”

“బుధవారం, రాత్రి 10:30 నుంచి 12 దాకా క్రషర్ నడిచింది. బడి ముందు నుంచి వెళ్లిన టిప్పర్లు 14, టార్పాలిన్ లేనివి 11.”

గాలి ఎటు వీస్తోందో రాయడం చాలామంది మర్చిపోతారు. మండలి వాళ్లు దుమ్ము కొలిచే యంత్రాన్ని గాలికి ఎదురు వైపు పెట్టి “అంతా బాగుంది” అంటే మీరు చూపించాల్సింది ఆ వివరమే. ఫోటోలు, వీడియోలు లొకేషన్ ఆన్‌లో పెట్టి తీయండి. వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ తగ్గుతుంది, లొకేషన్ వివరాలూ పోతాయి, కాబట్టి అసలు ఫైళ్లు ఫోన్‌లో, ఇంకోచోట కూడా దాచండి. క్వారీ లోపలికి మాత్రం వెళ్లకండి. అది ప్రమాదం, పైగా మీ మీదే కేసు పెట్టే అవకాశం వాళ్ల చేతికిచ్చినట్టు. టిప్పర్లకు అడ్డంగా కూర్చోవడం కూడా అంతే. రెండు రోజులు పేపర్లో వస్తుంది, తర్వాత ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగేది కుర్రాళ్లు.

ట్రాన్సిట్ పర్మిట్ల (లోడు తరలించడానికి ఇచ్చే అనుమతుల) లెక్క వచ్చాక టిప్పర్ల లెక్కతో పోల్చండి. నెలకు ఇన్ని లోడ్లని పర్మిట్లు ఉండి అంతకు రెట్టింపు బళ్లు పోతుంటే అది దుమ్ము సమస్యే కాదు, ప్రభుత్వానికి రావాల్సిన సీనరేజీకి, అంటే తవ్విన రాయి మీద కట్టే రుసుముకు గండి. ఆఫీసులు దానికి కాస్త త్వరగా కదులుతాయి.

4. గోడల పగుళ్లు

ఇక్కడ నిజాయితీగా ఒక మాట. పగుళ్లన్నీ బ్లాస్టింగ్ వల్లే రావు. నల్లరేగడి నేల ఎండకు బీటలు వారి, వానకు ఉబ్బి గోడల్ని చీలుస్తుంది. పునాది సరిగా లేకపోయినా అంతే. మనిషి ఒంటికి తెలిసే కంపనం ఇంటిని దెబ్బతీసే కంపనం కంటే చాలా తక్కువ కాబట్టి, అదిరిన ప్రతిసారీ గోడ దెబ్బతిన్నట్టు కాదు. కంపెనీ వాదించేది ఇదే. దానికి మీ జవాబు తేదీలు.

పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన తేదీ వేయండి. వెడల్పుగా ఉన్నచోట స్కేలు ఆనించి ఫోటో తీయండి. పగులు మీద అడ్డంగా సన్నని గాజు ముక్కను రెండు వైపులా సిమెంటుతో అంటించి వదిలేస్తే, గోడ కదిలిన రోజు అది విరుగుతుంది. ఆ తేదీ నోటుబుక్‌లోని బ్లాస్టింగ్ తేదీతో కలుస్తుందేమో చూడాలి. క్వారీ ఇంకా మొదలు కాకపోతే మరీ మంచిది, ఊళ్లో అన్ని ఇళ్ల గోడలూ ఇప్పుడే వీడియో తీసి పెట్టుకోండి.

బ్లాస్టింగ్ మీద అధికారం గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్‌ది, అంటే డీజీఎంఎస్‌ది. హైదరాబాద్‌లో వాళ్ల ఆఫీసు ఉంది. “మాది చిన్న క్వారీ, గనుల చట్టం మాకు వర్తించదు” అని క్వారీ వాళ్లంటే నమ్మకండి. 1952 గనుల చట్టం (2025 నవంబరులో దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది) నుంచి చిన్న క్వారీలకు ఉన్న మినహాయింపు కూడా పేలుడు పదార్థాలు వాడనంత వరకే ఉండేది. మామూలు ఇళ్ల దగ్గర కంపనం ఎంత దాకా ఉండొచ్చో ఆ సంస్థ 1997లో నిర్ణయించింది. కంపనం ఫ్రీక్వెన్సీ 8 హెర్ట్జ్ లోపుంటే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య అయితే 10, ఆపైన 15. “మా ఇంటి దగ్గర వైబ్రేషన్ మీటరు పెట్టి, మామూలుగా వేసేంత మందుతో బ్లాస్టింగ్ చేయించి కొలవండి, రికార్డు కాపీ ఇవ్వండి” అని రాతపూర్వకంగా అడగండి.

5. నీళ్లు

క్వారీ లోతు పెరిగి భూగర్భ జలాల మట్టాన్ని దాటితే చుట్టూ ఉన్న బావుల నీళ్లు అటు వైపు దిగుతాయి. గుంతలో నీళ్లు మోటారు పెట్టి బయటికి తోడుతున్నారంటే ఆ లోతుకు వచ్చారేమో అనుమానించాలి. ఎక్కడికి వదులుతున్నారో కూడా చూడండి. బావి ఉంటే నెలకోసారి పొద్దున్నే, మోటారు వేయకముందు, తాడుకు బరువు కట్టి మట్టం కొలిచి రాయండి. ఎండాకాలం లెక్క ఒక్కటే చూపిస్తే ఎవరూ నమ్మరు, వానల తర్వాతది కూడా కావాలి. తాగే నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, ఎంత మించినా 1.5 లోపు ఉండాలి. నైట్రేట్ 45. మన జిల్లాల్లో ఫ్లోరైడ్ క్వారీ రాకముందు నుంచే ఎక్కువ ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి కాబట్టి పాత రిపోర్టులు దొరికితే పక్కన పెట్టి చూశాకే క్వారీ వల్ల అనండి.

6. ఆరోగ్యం

మంచం మీద, ఆకుల మీద తెల్లగా పేరుకునే దుమ్ము చూసి భయపడతాం. అసలు హాని కంటికి కనపడని దానిది. పది మైక్రాన్ల లోపు కణాలు, అంటే తల వెంట్రుక మందంలో ఐదో వంతు కంటే చిన్నవి, గొంతు దాటి లోపలికి పోతాయి. ఇంకా సన్ననివి ఊపిరితిత్తుల అడుగు దాకా చేరతాయి. పది మైక్రాన్ల లోపు వాటిని పీఎం 10 అని, రెండున్నర లోపు వాటిని పీఎం 2.5 అని అంటారు. మన దేశ ప్రమాణం ప్రకారం గాలిలో పీఎం 10 రోజు సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, పీఎం 2.5 అయితే 60 దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దులు ఇంకా తక్కువ, 45, 15.

దుమ్ములో ఏ రాయి ఉందన్నది కూడా ముఖ్యం. గ్రానైట్, పలుగురాయి దుమ్ములో స్ఫటిక సిలికా ఎక్కువ. సున్నపురాయిలో సాధారణంగా తక్కువ. సిలికా ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టించే జబ్బు సిలికోసిస్. దానికి నయం చేసే మందు లేదు. 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ సిలికాను క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. ఎక్కువ ముప్పు క్రషర్‌లో, డ్రిల్లింగ్‌లో పనిచేసేవాళ్లకు. దూరంగా ఉండే ఇళ్లవాళ్లకు సిలికోసిస్ కంటే ఆస్తమా ఎక్కువ కావడం, ఆగని దగ్గు, పెద్దవాళ్లలో ఆయాసం మామూలుగా కనిపించేవి. అందుకని అర్జీలో “ఊరంతా సిలికోసిస్” అని రాయకండి. ఒక్క ఎక్స్‌రే మామూలుగా వస్తే మిగతా మాటలన్నీ కొట్టుకుపోతాయి.

క్రషర్‌లో పనిచేసినవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్తే అడగకపోయినా చెప్పాల్సింది ఒకటుంది: ఎన్నేళ్లు, ఏ పని. ఎక్స్‌రేలో సిలికోసిస్ చూడ్డానికి టీబీలా ఉంటుంది. పైగా సిలికా పీల్చినవాళ్లకు టీబీ వచ్చే అవకాశమూ ఎక్కువే. పని సంగతి తెలియకపోతే నెలల తరబడి టీబీ మందులు వాడి, తగ్గక, ఇంకో ఆసుపత్రికి పోతుంటారు. ప్రభుత్వ ఆసుపత్రి ఛాతీ వైద్య విభాగంలో ఎక్స్‌రేతో పాటు ఊపిరి ఊదించే స్పైరోమెట్రీ అడగండి. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఫైలు చేయండి. ఊరి కోసం మెడికల్ క్యాంపు పెట్టమని జిల్లా వైద్యాధికారికి రాయడం కూడా మంచిదే, అక్కడ వచ్చే లెక్కలు ప్రభుత్వ రికార్డు అవుతాయి.

ఇంట్లో చీపురుతో పొడిగా ఊడిస్తే సన్న దుమ్ము మళ్లీ గాలిలోకే లేస్తుంది. తడిబట్టతో తుడవండి. నీళ్ల తొట్లు, ట్యాంకులు మూసి ఉంచండి. క్రషర్ నుంచి వచ్చినవాళ్లు పని బట్టలు ఇంట్లో దులపకుండా బయటే విప్పి నీళ్లలో వేయాలి. చేతిరుమాలు, గుడ్డ మాస్కు ఈ దుమ్మును ఆపవు. ఎన్ 95 ఆపుతుంది, అదీ ముఖానికి ఒత్తుకుని ఉంటేనే.

7. ఏ సమస్య ఏ ఆఫీసుకు

దుమ్ము, శబ్దం కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి. నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. హద్దు దాటిన తవ్వకం, పర్మిట్ లేని బళ్లు గనుల శాఖకు. బ్లాస్టింగ్ డీజీఎంఎస్‌కు, ఇళ్ల మీద రాళ్లు పడితే పోలీసులకు కూడా. ఓవర్‌లోడ్ రవాణా శాఖకు. అన్నీ కలిపి ఒకే అర్జీ రాస్తే ప్రతి ఆఫీసూ “ఇది మా పరిధి కాదు” అంటుంది కాబట్టి విడివిడిగా రాసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో గానీ, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో గానీ అన్నీ ఇచ్చి రసీదు తీసుకోండి. మండలి వాళ్లకు రాసేటప్పుడు దుమ్మును మిషన్ నడుస్తుండగా, గాలి వాలున కొలవమని, కొలిచే రోజు ఊరివాళ్లు ఇద్దరిని ఉండనివ్వమని అడగండి.

గ్రామసభ తీర్మానం ఉంటే జతచేయండి. ఏజెన్సీ ప్రాంతమైతే దాని బలం వేరు. 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) ప్రకారం అక్కడ చిన్న ఖనిజాల లీజుకు ముందే గ్రామసభ గానీ, తగిన స్థాయి పంచాయతీ గానీ సిఫారసు చేయాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతర ప్రైవేటు వాళ్లకు ఇచ్చిన లీజులు చెల్లవని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎక్కడైనా ప్రజలకు ఇబ్బంది కలిగించే పనిని ఆపమని ఆర్డీవోను అడగడానికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ) 133వ సెక్షన్ ఉండేది, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో ఇప్పుడు అది 152వ సెక్షన్.

8. పబ్లిక్ హియరింగ్ ఉంటే

కనీసం 30 రోజుల ముందు నోటీసు పేపర్లో వేయాలి. అది ఏ మూల పేజీలోనో వస్తుంది, కళ్లు పెట్టుకుని చూడాలి. పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా రిపోర్టు పంచాయతీలో, కలెక్టరేట్‌లో ఉండాలి. వెళ్లి చదవండి, మీ చెరువు, బడి, బావులు అందులో ఉన్నాయో లేదో చూడండి. లేనివే మీ అభ్యంతరాలు. హియరింగ్‌కు కోరం లేదు, ఎవరూ రాకపోయినా జరిగినట్టే లెక్క. కాబట్టి బహిష్కరించడం వల్ల లాభం నాకు కనిపించదు. రాతపూర్వక అభ్యంతరం ఇచ్చి, మైకులో కూడా చెప్పండి. వీడియో తీస్తారు. చివర్లో మాట్లాడినవన్నీ తెలుగులో చదివి వినిపించాలి. భోజనాల హడావిడిలో వెళ్లిపోకుండా అది అయ్యేదాకా ఉండండి, మీ మాట మారిపోతే అక్కడే లేచి చెప్పండి.

9. హరిత ట్రిబ్యునల్

మన రెండు రాష్ట్రాలకూ జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంచ్ చెన్నైలో ఉంది. ఇక్కడ గడువులే ప్రాణం. ఈసీ మీద అప్పీలుకు 30 రోజులు, సరైన కారణం చూపితే మరో 60. ఆ తర్వాత తలుపు మూసుకున్నట్టే. మామూలు కాలుష్య ఫిర్యాదుకు సమస్య మొదలైన నాటి నుంచి ఆరు నెలలు, నష్టపరిహారానికి ఐదేళ్లు. పరిహారం అడగకపోతే ఫీజు 1000 రూపాయలు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకోవచ్చని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఉత్తరం రాసినా ఫలితం ఉండొచ్చు. కానీ దాన్నే నమ్ముకుని గడువు పోగొట్టుకోకండి. కేసు వేశాక మధ్యవర్తులు డబ్బుతో వస్తారు. ఒక్కరు విడిగా సర్దుకున్నా మిగతావాళ్ల కేసును అవతలి లాయరు “బ్లాక్‌మెయిల్” అనేస్తాడు. కాబట్టి ఎవరు మాట్లాడాలి, ఏం అడగాలి అన్నది వేసేముందే ఊళ్లో కూర్చుని తేల్చుకోండి.

కేసు నడుస్తుండగా కూడా అడగాల్సినవి ఉంటాయి. గనుల ఆదాయంలో కొంత జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు పోతుంది. అది తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణం కోసం గనుల ప్రభావం ఉన్న ఊళ్లలోనే ఖర్చు పెట్టాల్సిన డబ్బు. మీ ఊరికి ఎంత వచ్చిందో, దేనికి వాడారో ఆర్టీఐ వేయండి.

తవ్వకం ఆపేసిన గుంతల సంగతి కూడా చూడండి. వానాకాలంలో నిండి, నిట్టనిలువు అంచులతో ఉంటాయి, ఈతకు దిగిన పిల్లలు పైకి రావడానికి పట్టు దొరకదు. మైనింగ్ ప్లాన్‌లో గని మూసివేత అధ్యాయం తీసి, కంచె గురించి ఏం రాశారో చూసి, వానలకు ముందే గనుల శాఖకు, పంచాయతీకి ఆ పేజీ జతచేసి రాయండి.